బతికున్నవాడి కళ్ళద్దాలు

మా సాగరతీర సేవాసమితికి ఒక ఆశయము, ఒక రబ్బరు స్టాంపు, ముగ్గురు సభ్యులు ఉండేవారు. పోర్టు కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నేను, అంటే శ్రీరామ్మూర్తిని, అధ్యక్షుణ్ణి. గూడ్సు బండ్లలో గార్డుగా జీవితమంతా వెనక్కి చూస్తూ ప్రయాణించిన ఫ్రాన్సిస్ కార్యదర్శి. ఆసుపత్రిలో చిరకాలం నర్సుగా పనిచేసిన జయశీల గారు మిగిలిన సభ్యురాలు. నేను ప్రతిపాదించేవాణ్ణి, ఆవిడ బలపరిచేవారు, ఫ్రాన్సిస్ నవ్వేవాడు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గేది.

డెబ్బయ్యవ దశకం నడిమి సంవత్సరాలవి. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం కోసం పొలాలైతే తీసుకున్నారు గాని, ఉక్కు మాత్రం ఇంకా మాటల్లోనే తయారవుతూ ఉండేది. దేశానికి సేవ చేయాలన్న ఉత్సాహం ఊళ్ళో అందరికీ ఉండేది. ఆదివారాలు ఖాళీగా ఉన్నది మాకు ముగ్గురికే.

మా ఆశయం చిన్నది. సీతమ్మధారలో ఏ ఇంటి బీరువా సొరుగు లాగినా, ఎవరూ పెట్టుకోని కళ్ళజోడు ఒకటి ఉంటుంది. పారవేయడానికి మనసొప్పదు, పెట్టుకోవడానికి ఆ ముఖం ఇప్పుడు లేదు. అటు యారాడలో, డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల, చత్వారం వచ్చిన వృద్ధులు వల కన్ను కనబడక తడుముకుంటూ ఉంటారు. ఇక్కడి జోళ్ళను అక్కడికి చేర్చడమే మేము పెట్టుకున్న పని. కాగితం మీద ఇంతకంటె నిర్దుష్టమైన ప్రణాళికను నేను నా ఉద్యోగకాలంలో కూడా చూడలేదు.

కాగితం మీద కొండ ఉండదు. రేవు పడవలో కాలవ దాటాలి. ఆ పడవలో మనుషులతో పాటు సైకిళ్ళు, కోళ్ళగంపలు, మేకలు ఎక్కేవి. మా వార్షిక నివేదికను ఒకసారి ఒక మేక నా చంకలోనుంచి లాగి, నేను గమనించేలోగా సగం తినివేసింది.

"పోనీ బావా, మన రిపోర్టుని ఇంత శ్రద్ధగా సదివినోళ్ళు ఇంకెవరున్నారు," అన్నాడు ఫ్రాన్సిస్.

ఆయన నాకు బావ కాడు. ఆయన కథోలికుడు, నేను నియోగిని. మా మధ్య ఆ వరుసకు ఏ దారిలోనూ అవకాశం లేదు. ఆ సంగతి రెండు మూడు సార్లు మర్యాదగా చెప్పి చూశాను. "మరేటి బావా, నువ్వు సెప్పింది నిజమే," అనేవాడు.

యారాడలో మా మొదటి పంపిణీ ఒక వలల పాకలో జరిగింది. జయశీల గారు సూది, దారం పట్టుకుని కూర్చున్నారు. ఎవరు ఏ జోడు పెట్టుకుని దారం ఎక్కిస్తే ఆ జోడు వారిది. పరీక్ష శాస్త్రీయమైనది, అభ్యర్థులు కారు. వలలు బాగుచేసే ముసలి జగ్గయ్య భార్య పోతమ్మ, చేపల గంప పక్కన పెట్టి, సూది వంక చూడనైనా చూడకుండా బంగారు రంగు అంచు ఉన్న జోడు తీసి పెట్టుకుంది.

"కనబడుతున్నదా అమ్మా?" అని అడిగారు జయశీల గారు.

"నాకు కనబడకపోతే ఏటి సిస్టరమ్మా, నాను అందరికీ కనబడతన్నానా నేదా?"

పాకంతా నవ్వింది. నవ్వనివాడు జగ్గయ్య ఒక్కడే. అతడు ఒక మూల, కొబ్బరిమట్ట మీద, వలసూది చేతిలో పెట్టుకుని, ఏదో తీర్పు వినబోతున్నవాడిలా కూర్చున్నాడు.

అతని సంగతి తరువాత అతని మేనల్లుడు అర్జునరావు చెప్పాడు. అర్జునరావుది పడవ. జగ్గయ్య వేటకు వెళ్ళే వయసు దాటిపోయింది. అయినా పడవ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా వేటలో అతనికి ఒక వాటా తీసిపెడతారు, వలలు బాగుచేసినందుకు. ఆ వాటా ఉన్నంతకాలం అతడు పడవ మనిషి. అది పోయిననాడు అతడు పోతమ్మ గంప మీద ఇంకొక బరువు. నూలు వలల కాలంలో కళ్ళు మూసుకుని కట్టేవాడట. ఇప్పుడొచ్చిన నైలాను దారం వేలికి ఆనదు. ముడి పడినట్టే ఉండి జారిపోతుంది. చేపలు చిరుగు వెతుక్కుని వెళ్ళిపోతున్నాయి.

"మావని తీసీడానికి నాకు నోరు రాదు బాబూ. కానీ పడవలో ఉన్నది నానొక్కణ్ణే కాదు గదా. భీమిలోడు ఒకడు వొస్తానంతన్నాడు, వల కట్టడానికి," అన్నాడు అర్జునరావు.

జగ్గయ్యకు నాలుగో జోడు కుదిరింది. నల్లని మందపు అంచు, బరువైన అద్దాలు. సూదిలోకి దారం ఒక్క ఊపున వెళ్ళింది. అతడు ఆ సూదిని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"దీనికి ఇంత పెద్ద బొక్క ఉందేటి," అన్నాడు. "ఇన్నాళ్ళూ నానే సన్నదనుకున్నాను."

ఆ తరువాత రెండు నెలలు అతడు కట్టిన వల చిరగలేదు. భీమిలివాడు రాలేదు. మా సమితి తన జీవితంలో మొదటిసారి ఒక మనిషికి పనికి వచ్చింది.

ఇక్కడ సీతమ్మధార తాయారు గారి ప్రస్తావన తీసుకురావాలి. ఆ నల్లని జోడు ఆవిడ భర్తది; లెక్కల మేష్టారుగా పనిచేసి కాలం చేశారు. జోడు ఇస్తూ ఆవిడ ఒక షరతు పెట్టారు. "వారి పేరు లేకుండా ఇవ్వనండి. ఎవరిదో తెలియకుండా ఎవరో పెట్టుకుంటే ఎలాగ? ఆ పెట్టుకునే మనిషికైనా తెలియాలి కదా." సమంజసమైన కోరిక. దానిమీద సమితి తీర్మానం చేసింది: ప్రతి కళ్ళజోడు పెట్టె లోపలి మూతకూ దాత పేరు అచ్చువేయించిన చీటీ అంటించాలి. సంక్షిప్తాక్షరాలు నాకు సమ్మతం కావు. అందుచేత ప్రతి చీటీ మీదా "కీర్తిశేషులు" అని పూర్తిగా వేయించి, పేరు, "గారి జ్ఞాపకార్థం" అని ముగించాము. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ తీర్మానంలో భాషాదోషం గాని, మర్యాదాలోపం గాని నాకు కనబడదు.

జగ్గయ్యకు చదువు రాదు. కళ్ళజోడు ఎప్పుడూ కళ్ళమీదే ఉండేది గనుక ఖాళీగా ఉన్న పెట్టెలో చుట్టలు పెట్టుకునేవాడు. ఒకనాడు చుట్ట కోసం ఆ పెట్టె తెరిచినవాడు అర్జునరావు. అతడు ఏడో తరగతి దాకా చదివాడు. మేము తరువాతి ఆదివారం కొండ దిగి వెళ్ళేసరికి, అతడు ఊళ్ళోని పెట్టెలన్నీ సేకరించి, చాప మీద వరసగా మూతలు తెరిచి పెట్టుకుని, మాకోసం ఎదురుచూస్తున్నాడు.

"బాబూ, ఒక మాట అడగాల. ఈల్లందరిదీ ఒకే ఇంటిపేరేటి?"

"ఏ ఇంటిపేరు?"

"ఇదిగో, కీర్తిశేషులు. ఇదీ కీర్తిశేషులే. ఇదీని. ఇంత పెద్ద కుటంబం సీతమ్మధారలో ఉన్నట్టు మేం ఇనలేదు. అందరికీ ఒక్కపాలే సూపు బాగైపోనాదా, జోళ్ళు పంచీసినారు?"

ఫ్రాన్సిస్ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. దాని అర్థం అప్పుడు నాకు బోధపడలేదు. అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పడం సభ్యత. నేను ఆ సమాసాన్ని విడదీసి వివరించాను. దేహం నశించి, కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు అని చెప్పాను. ఇంకా స్పష్టంగా ఉండాలని, పరమపదించిన వారు అని కూడా అన్నాను.

పోతమ్మ తన బంగారు అంచు జోడును రెండు వేళ్ళతో తీసి ఇసుకలో పెట్టింది. ఆమెను చూసి తక్కినవారు పెట్టారు. చివరికి జగ్గయ్య తీశాడు. తీసిన తరువాత ఎక్కడ పెట్టాలో కనబడక, గాలిలో చెయ్యి చాపి ఉండిపోయాడు.

"సచ్చినోల్ల కళ్ళు," అంది పోతమ్మ. "ఓలమ్మ, సచ్చినోల్ల కళ్ళతో వల కట్టించీసినారు."

మాకు తెలియని విషయం అప్పుడు తెలిసింది. పోయినవాడి వస్తువు వలను తాకరాదు, పడవ ఎక్కరాదు. పోయినవాడికి ఒంటరితనం, నీళ్ళమీద ఉన్నవాళ్ళను తోడు పిలుస్తాడు. చనిపోయినవాడి పంచె గాని, చుట్ట గాని, చేతికర్ర గాని ఆ ఒడ్డున ఎవరూ ఉంచుకోరు. కళ్ళజోడు సంగతి వాళ్ళ పెద్దలు ఏమీ చెప్పి ఉండకపోవచ్చు. చూడడానికి వాళ్ళ పెద్దలకు ఒక్క కళ్ళజోడూ లేదు.

"నాను నమ్మీ నమ్మనట్టే ఉంటాను బాబూ," అన్నాడు అర్జునరావు. "కానీ ఒడ్డున ఉన్నప్పుడు నమ్మకపోవడం సులువు. గాలెత్తినప్పుడు మావ కట్టిన ముడే గదా మాకు దిక్కు. అప్పుడు మా నలుగురిలో ఒక్కడికి ఆ జోడు గుర్తొచ్చినా సాలు, సెయ్యి వణుకుతాది."

వలలన్నీ పసుపునీళ్ళలో ముంచి ఆరవేశారు. జగ్గయ్య వల ముట్టుకోరాదన్నారు. భీమిలివాడికి కబురు పంపుతామన్నారు.

మేము ఊరుకోలేదు. జయశీల గారు ఆ అద్దాల శక్తి కొలిపించి, సరిగ్గా అటువంటివే కొత్తవి చేయించారు. దుకాణం పెట్టెతో, దుకాణం కాగితపు పొట్లంతో సహా తీసుకుని వెళ్ళాము. అర్జునరావు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అయ్యీ ఇలాగే మెరిసినాయి బాబూ."

అది నిజమే. పాత జోళ్ళను ఫ్రాన్సిస్ పళ్ళపొడితో తోమి, కొత్త మరలు వేసి, పెళ్ళికి ముస్తాబు చేసినట్టు చేసేవాడు. ఇప్పుడు కొత్తదానికీ పాతదానికీ తేడా లేదు.

"ఇది కొత్తది. నేను చెబుతున్నాను," అన్నాను.

"మీరు అబద్దం ఆడరు బాబూ. అది మొన్నే సూసినాం గదా." అర్జునరావు ఆ మాటను వెటకారంగా అనలేదు. "కానీ దీని ఎనకాల మొకం నేదు. ఏ మొకమ్మీంచి దిగినాదో మావోల్లకి ఏటని సెప్పను?"

అప్పుడు ఫ్రాన్సిస్ లేచాడు. తన సొంత కళ్ళజోడు తీశాడు. తీగ అంచుది, ఒక కమ్మికి దారం చుట్టినది.

"ఇదిగో మొకం. సూడండి. ఎండకీ బొగ్గుపొడికీ ఇలగైపోనాది గానీ బతికే ఉంది. నమ్మకపోతే గిల్లి సూస్కోండి."

పోతమ్మ ముందుకు వచ్చి నిజంగానే గిల్లింది. ఫ్రాన్సిస్ కుయ్యిమన్నాడు. ఆ పాకలో రెండు వారాల తరువాత మళ్ళీ నవ్వు వినబడింది. జోడు జగ్గయ్యకు పెట్టి చూశారు. మేష్టారి జోడంత బాగా కుదరలేదు. ముఖాన్ని కొంచెం వెనక్కి వాల్చి చూడవలసి వచ్చింది. అయినా దారం సూదిలోకి వెళ్ళింది.

ఊరి పెద్దలు గుమికూడి మాట్లాడుకున్నారు. అర్జునరావు వచ్చి నిర్ణయం చెప్పాడు.

"సరే బాబూ. కానీ ఈ పెద్దాయన నెలనెలా మాకు అగుపడాల. ఉన్నాడని మావోల్లకి తెలియాల. అగుపడినంతకాలం మావ వాటా మావదే."

"ఏటి బావా ఇది," అన్నాడు ఫ్రాన్సిస్, తిరుగుదారిలో కొండ ఎక్కుతూ. "బతికున్నానని సర్కారు ఏడాదికొక్కపాలే సంతకం అడుగుతాది పింఛనుకి. ఈల్లు నెలకోపాలు అడుగుతన్నారు. సర్కారే నయం, కొండెక్కమనదు."

అప్పటినుంచి మా సమితికి ఒకే ఒక కార్యక్రమం మిగిలింది. నెలలో రెండో ఆదివారం, చర్చిలో పొద్దుటి పూజ ముగియగానే, ఫ్రాన్సిస్ బతికి ఉన్నాడని యారాడకు చూపించి రావాలి. సీతమ్మధార జోళ్ళన్నీ మా ఇంటి అటక ఎక్కాయి. తాయారు గారు కనబడినప్పుడల్లా "మా వారి జోడు ఎవరు పెట్టుకుంటున్నారండీ?" అని అడిగేవారు. నేను అబద్ధం ఆడను గనుక, ఆవిడ ఎదురుపడే వీధిలో నడవడం మానుకున్నాను.

మొదటి సంవత్సరం కొండ దిగి వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళు ఫ్రాన్సిస్ చుట్టూ చేరి, చిక్కిపోయావనో, రంగు తేలావనో అతని ఆరోగ్యాన్ని తనిఖీ చేసేవారు. దగ్గితే మందు చెప్పేవారు. ఒకసారి జలుబు చేసి గొంతు పోతే, జగ్గయ్య దూలగొండి ఆకు తగిలినవాడి కంటె కంగారుగా అటూ ఇటూ తిరిగాడు. ఎండుచేపలు, కొబ్బరికాయలు మోయలేనన్ని ఇచ్చేవారు. పశువుల సంతలో మేలైన ఎద్దుకు కూడా ఆ గౌరవం ఉండదు.

రెండో సంవత్సరం ఫ్రాన్సిస్‌కు ఆయాసం మొదలైంది. జయశీల గారు అతని నాడి పట్టుకుని చూసి, నా వైపు తిరిగి, "ఈయన కొండ ఎక్కకూడదు శ్రీరామ్మూర్తి గారూ. బతికి ఉన్నానని చూపించుకోవడానికి వెళ్ళి మనిషి పోయేలా ఉన్నాడు," అన్నారు.

ఫ్రాన్సిస్ తానే ఉపాయం ఆలోచించాడు. రిక్షాలో, పడవలో, ఆపైన ఎవరి లారీలోనో కొండ మలుపు దాకా వచ్చేవాడు. అక్కడినుంచి కింద ఒడ్డు కనబడుతుంది. జేబులోనుంచి తన గార్డు ఈల తీసి, ఒక్క పొడవైన కూత ఊది, పచ్చజెండా ఊపేవాడు. కింద చీమల్లా కనబడే మనుషుల్లో ఒకడు లేచి నిలబడి తుండుగుడ్డ ఊపేవాడు. అది జగ్గయ్య. గూడ్సు బండి బయలుదేరింది. ఇంకొక నెల గడిచింది.

కబుర్లు చెప్పడానికి నేనొక్కణ్ణే కిందికి దిగేవాణ్ణి. ఒకసారి జగ్గయ్య నాతో అన్నాడు, వల మీదనుంచి తల ఎత్తకుండా:

"మీరు కళ్ళిచ్చినారు బాబూ, మంచిదే. కానీ రెండో ఆదోరం దగ్గరకొస్తే వల కంటే కొండే ఎక్కువ సూత్తన్నాను. కూడు తింతన్నా కొండే. ఈ అద్దాలతో అది అగుపడదు, తీసి సూడాల. మల్లీ పెట్టాల. మల్లీ తీయాల."

ఆ సంవత్సరం ఆశ్వయుజంలో, పోర్టులో గాలి హెచ్చరిక గుర్తు ఎగరేసిన వారం, మంగళవారం మధ్యాహ్నం, ఫ్రాన్సిస్ తన పడక కుర్చీలో కునుకు తీసి, లేవలేదు.

సమాధి కార్యక్రమం ముగిసి, బంధువులు వెళ్ళిపోయిన తరువాత, ఆయన భార్య పుష్పకుమారి గారు ఒక రుమాలు మూట తెచ్చి నా ముందు పెట్టారు. ఈల, పచ్చజెండా.

"అన్నయ్యగారూ, ఆయన ముందే చెప్పారండీ. 'నేను పోతే బావకి ఇవ్వు. జగ్గయ్యకి ఓ ఏడాది చెప్పొద్దను. పైనుంచి మొకం ఎవడికి కనబడతాది' అన్నారు."

"అది మోసం అవుతుందమ్మా."

"నేనూ అదే అన్నానండి. 'బావ కూడా అదే అంటాడు, అయినా ఇవ్వు' అన్నారు."

జయశీల గారు అక్కడే ఉన్నారు. ఆవిడ ఈ తీర్మానాన్ని కూడా బలపరిచారు. "ఆసుపత్రిలో ఎంతమందికి 'రేపటికి లేచి కూర్చుంటావు' అని చెప్పానో, శ్రీరామ్మూర్తి గారూ! ఎవరూ నన్ను అబద్ధాలకోరు అనలేదు. అనడానికి చాలామంది మిగలలేదు కూడా. వెళ్ళండి."

ఆదివారం నేనొక్కణ్ణే పడవలో కాలవ దాటాను. మేకలు కూడా లేవు. ముప్ఫయి మూడేళ్ళ ఉద్యోగంలో ఒక తప్పుడు ధ్రువపత్రం మీద సంతకం పెట్టని చేతిని జేబులో పెట్టుకుని, ఆ ఈలను తడుముకుంటూ కొండ ఎక్కాను. వర్షం వెలిసింది, సముద్రం మాత్రం ఇంకా కుదుటపడలేదు. మలుపు దగ్గర నిలబడి చూస్తే, ఒడ్డున పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. వారమంతా ఎవరూ వేటకు వెళ్ళలేదని అర్థమైంది.

ఈల నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి పోయింది గాని కూత రాలేదు. ఈల ఊదడం కూడా ఒక విద్య అని, దానిని గార్డులు అభ్యసిస్తారని నాకు అంతవరకు తోచలేదు. రెండోసారి తుప్పర్లు పడ్డాయి. మూడోసారి, కడుపులోని ఊపిరంతా కూడదీసుకుని ఊదితే, సగంలో విరిగిన కూత ఒకటి, జబ్బుపడ్డ కోడిపుంజు గొంతులాంటిది, బయటికి వచ్చింది. జెండా ఊపాను. కింద మనుషులు తల ఎత్తారు. ఒకరిద్దరు చేతులు ఊపారు. అర్జునరావు కాబోలు, రెండు చేతులూ ఎత్తాడు. నమ్మారు.

లేచి నిలబడవలసిన మనిషి మాత్రం లేవలేదు.

నేను కిందికి దిగాను. అర్జునరావు ఎదురొచ్చి, "పెద్దాయనకి రొంప పట్టినట్టుంది బాబూ, ఈల అలగొచ్చినాది. శొంఠి కాసి తాగమనండి. రేపు తెల్లారి పడవ దింపుతాం, మంచి సేప పడితే పంపుతాను," అని, పడవవైపు వెళ్ళిపోయాడు. నేను ఏమీ అనలేదు. అనకపోవడం అబద్ధం కాదని పడవలోనే నిర్ణయించుకుని వచ్చాను.

పాకలో జగ్గయ్య వల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కళ్ళజోడు కళ్ళమీద లేదు. మడిచి, తుండుగుడ్డ మీద పెట్టి ఉంది.

"కూకోండి బాబూ."

కూర్చున్నాను.

"అది రైలోడి ఈల కాదు," అన్నాడు. "ఎప్పుడు?"

అప్పటికి నా దగ్గర సిద్ధం చేసుకున్న సమాధానాలు మూడు ఉన్నాయి. మూడూ పక్కన పెట్టాను.

"మంగళవారం," అన్నాను.

అతడు తల ఊపాడు. కళ్ళజోడు వైపు చేతులు జోడించాడు. తరువాత సముద్రం వైపు ముఖం తిప్పాడు. అతనికి ఏమి కనబడుతున్నదో నాకు తెలియదు.

"ఎవరికీ తెలియదు జగ్గయ్యా," అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. "వాళ్ళందరూ నమ్మారు. ఇంకొక ఏడాది నేను ఊదుతాను. నేర్చుకుంటాను."

"నాకు తెలుసు గదా బాబూ." అతడు నవ్వాడు. "నా మేనల్లుడు ఎక్కుతాడు ఆ పడవ. నాను ఆడి ముందు అబద్దం ఆడగల్ను. వలకి ఎలగ ఆడతాను?"

"అయితే నా జోడు తీసుకో."

ఆ మాట తొందరలో వచ్చింది. అతడు నా జోడు అందుకుని పెట్టుకున్నాడు. నాది దూరపు చూపు కోసం; వల అతనికి ఇంకా చిన్నదై, ఇంకా చెదిరిపోయింది. తీసి తిరిగి ఇచ్చాడు.

"కుదిరేవి తెస్తాము. బతికున్నవాడివే. ఎవరినైనా తీసుకువస్తాను," అన్నాను.

"ఈపాలి కుర్రోణ్ణి తేండి బాబూ. మీరంతా ముసిలోల్లు. ఒకడి తరవాత ఒకడు పోతన్నారు, నానేమో ఒకడి తరవాత ఒకడి కోసం కొండకేసి సూడాల."

"కుర్రవాళ్ళకు చత్వారం రాదు జగ్గయ్యా. ఇటువంటి అద్దాలు ముసలివాళ్ళకే ఉంటాయి."

అతడు ఆ మాట ఆలోచించాడు. తరువాత భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి నాకూ ఆపుకోలేని నవ్వు వచ్చింది. గంపతో అటు వచ్చిన పోతమ్మ మమ్మల్ని చూసి, "ఏటి, ఇద్దరికీ గాలి సోకినాదా," అనుకుంటూ వెళ్ళిపోయింది.

నవ్వు ఆగిన తరువాత జగ్గయ్య వల అంచు పట్టుకుని నా ఒళ్ళోకి జరిపాడు.

"మంగళారం నించి కట్టినయ్యన్నీ ఇప్పీయాల బాబూ. గాలి పున్నేన పడవ దిగనేదు, మంచిదైపోనాది. రేపు దిగుతాది. ఆయన పోయినాక ఆయన కళ్ళతో కట్టిన ముడి ఒక్కటి కూడా ఉండకూడదు."

"అర్జునరావుకు ఏమని చెబుతావు?"

"సూపు పోనాదని సెప్తాను. అబద్దం కాదు గదా. భీమిలోడు వొచ్చి కట్టుకుంతాడు. ఆ ఈల సంగతి మీరూ నానూ మర్సిపోదాం." వలను తడుముతూ అతని వేళ్ళు ఒకచోట ఆగాయి, తప్పుకున్నాయి, మళ్ళీ తడబడ్డాయి. "కట్టింది ఎక్కడో నాకు తెలుసు. ముడి ఏదో అగుపడటం నేదు. అగుపడాలంటే ఆ జోడు పెట్టాల. పెట్టకూడదు."

నాకు దగ్గర వస్తువులు కళ్ళజోడు లేకుండానే బాగా కనబడతాయి. నా జోడు తీసి ఫ్రాన్సిస్ జోడు పక్కన, అదే తుండుగుడ్డ మీద పెట్టాను. అతడు తన చాకు నాకు ఇచ్చాడు. వల మా ఇద్దరి మోకాళ్ళ మీద ఉంది. వేలితో చోటు చూపిస్తున్నాడు. నేను ముఖం వలకు ఆనించి ముడి వెతికి, కోస్తున్నాను. గట్టి ముడులు, ఒకదానికొకటి సరిసమానంగా ఉన్నాయి. మా సమితి ఇన్నేళ్ళలో సాధించినదంతా అదే. అది నా చేతిమీదుగా తెగి, నైలాను పోగులై ఇసుకలో పడుతున్నది.

"అది కాదు బాబూ, దాని పక్కది. అది పాతది, నూలు కాలంనాటి అంచు తాడుది, వేలికే తెలుస్తన్నాది. దాన్ని ముట్టకండి," అన్నాడు జగ్గయ్య. నా వేలిని పక్కకు జరిపి, "పాడు సేయడానికి కూడా కుదురుండాల," అన్నాడు.

"అవును," అన్నాను. చాకు తుడిచి, పక్క ముడి పట్టుకున్నాను.